నాన్నగారి 2001 శాంత్రో: ఉంచుకోవాలా, అమ్మాలా? హ్యుందాయ్ యజమానులు చెప్పండి

పాతశాంత్రో:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

కంటి శుక్లాల ఆపరేషన్ తరువాత మా నాన్నగారు బండి నడపడం మానేశారు. తాళాలు నా చేతిలో పెట్టారు. 2001 శాంత్రో, 999 సీసీ ఇంజను, వెండి రంగు. మీటరు మీద 88,412 కిలోమీటర్లు. రిజిస్ట్రేషన్ 2016లో ఒకసారి, 2021లో ఒకసారి అయిదేసి సంవత్సరాలకు పొడిగించారు. ఈ ఏడాది మూడోసారి వెళ్ళాలి.

బండితో పాటు ఒక పొడుగు నోటుపుస్తకం కూడా ఇచ్చారు. ఇరవై అయిదేళ్ళుగా పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, రూపాయలు అందులో రాసి ఉన్నాయి. కుడివైపు అంచున అప్పుడప్పుడు చిన్న వ్యాఖ్యలు. మొదటి పేజీలో ఉన్నది ఇది: "ఆఫీసులో అందరూ నవ్వారు. దేవూ గతి చూశాక కూడా కొరియా బండా అన్నారు."

మా ఆవిడ అమ్మేయమంటోంది. నాన్నగారు ఏమీ అనడం లేదు, అదే ఇబ్బందిగా ఉంది. ఈ కంపెనీ బళ్ళు ఎక్కువకాలం వాడినవాళ్ళు ఏమంటారు? అంతమంది ఎందుకు నవ్వారో తెలిసినవాళ్ళుంటే అదీ చెప్పండి.

గ్యారేజి బాబాయి:
టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?

పాతశాంత్రో:
పుస్తకంలో చూశానండి. 2012 ఆగస్టు, 58,030 దగ్గర. "బెల్టు మార్పు, రోజంతా పోయింది" అని ఉంది.

గ్యారేజి బాబాయి:
అయితే బాబూ, అమ్మకం సంగతి తరువాత. ముందు ఆ బండి స్టార్ట్ చేయకు.

బెల్టు రబ్బరు. తిరిగినా అరుగుతుంది, తిరగకపోయినా ఎండిపోతుంది. నా లెక్కలో అరవై వేల కిలోమీటర్లు, లేకపోతే అయిదేళ్ళు, ఏది ముందొస్తే అది. నీది పద్నాలుగేళ్ళు దాటింది. క్రాంకు తిరుగుడుకీ వాల్వుల ఎత్తుదించుడుకీ తాళం వేసేది ఆ బెల్టే. అది తెగితే వాల్వులు దిగి పిస్టన్లకు తగిలి వంగుతాయి. వెయ్యిరూపాయల్లో పోయేది హెడ్డు దించేదాకా వస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా సొంత బండికే చేసుకున్నాను. పాతికేళ్ళు ఊరందరి బెల్టులూ మార్చినవాణ్ణి, నాది మాత్రం "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ తోశాను. ఘాటు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. బండిని తాడు కట్టి లాక్కొచ్చిన కుర్రాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. వాడి నవ్వు ఇంకా మరచిపోలేదు.

బెల్టుతో పాటు టెన్షనరు, వాటర్ పంపు కూడా మార్పించు. మళ్ళీ అంతా విప్పక్కరలేదు. పెట్రోలు గొట్టాలు చూపించు. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడు. నిలబెట్టిన బండికి రోడ్డుకన్నా ఎలుక ప్రమాదం.

పాతశాంత్రో:
ఎలా కనిపెట్టారండీ? బానెట్ కింద వేరుశనగ తొక్కలు ఉన్నాయి.

పొనీ74:
ఎందుకు నవ్వారు అన్నదానికి నేను చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

మీ నాన్నగారి ఆఫీసువాళ్ళ భయం పూర్తిగా పిచ్చిది కాదు. దేవూ మన దేశానికి హ్యుందాయ్‌కన్నా ముందే వచ్చింది. 1995లో సీయెలో తెచ్చింది, తరువాత మాటిజ్. అంతలో కొరియాలో మూల సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2002లో జనరల్ మోటార్స్ దాన్ని కొన్నప్పుడు సూరజ్‌పూర్ ఫ్యాక్టరీని మాత్రం తీసుకోలేదు. బండి ఇంట్లో, కంపెనీ గాలిలో! సరిగ్గా ఆ గందరగోళం నడుస్తుండగా మీ నాన్నగారు 2001లో శాంత్రో కొన్నారు. ఆయన గుండె ధైర్యానికి నమస్కారం.

ఇక హ్యుందాయ్. ఆ మాటకు కొరియా భాషలో "ఆధునికం" అని అర్థం. స్థాపకుడు చుంగ్ జు-యుంగ్ 1915లో, ఇప్పుడు ఉత్తర కొరియాలో ఉన్న ప్రాంతంలో, పేద రైతు ఇంట పుట్టాడు. తండ్రి ఆవును అమ్మిన డబ్బు పట్టుకుని ఇంట్లోంచి పారిపోయాడు. బియ్యం కొట్లో పనిచేశాడు, 1940లో కార్ల రిపేరు షెడ్డు నడిపాడు, తరువాత కట్టడాల వ్యాపారంలో దిగాడు. సియోల్, బూసాన్ మధ్య 1970లో తెరిచిన పెద్ద రహదారిలో చెప్పుకోదగ్గ భాగం వేసింది ఆయన కంపెనీయే. కారు కంపెనీ 1967 చివర్లో పెట్టాడు. రోడ్డు వేస్తూనే దాని మీద నడిచే బండి కూడా మనమే చేద్దామనుకున్న మనిషి.

మొదట ఫోర్డ్ వాళ్ళ కోర్టినా కారును కొరియాలోని ఉల్సన్‌లో బిగించి అమ్మారు. ఫోర్డ్‌తో పొత్తు కుదరలేదు. అప్పుడు చేసిన పని చూడండి: బ్రిటిష్ లేలాండ్‌లో పెద్ద పదవిలో ఉండి బయటికొచ్చిన జార్జ్ టర్న్‌బుల్‌ను పిలిపించారు. ఆకారం గీయమని ఇటలీలో జుజారో అనే డిజైనరుకు ఇచ్చారు. ఇంజను, గేరుబాక్సు మిత్సుబిషి దగ్గర తీసుకున్నారు. 1974లో ట్యూరిన్ ప్రదర్శనలో పొనీ అనే ఆ కారు కనిపించింది, 1976లో రోడ్డెక్కింది. అదే ఏడాది ఈక్వడార్‌కు ఎగుమతి కూడా అయింది.

అన్నీ అరువే కదా అంటారు. అరువే. కానీ 1991కల్లా ఆల్ఫా పేరుతో సొంత ఇంజను చేసుకున్నారు. 2002లో హ్యుందాయ్, మిత్సుబిషి, డైమ్లర్ క్రైస్లర్ కలిసి ఒకే రకం నాలుగు సిలిండర్ల ఇంజను చేసుకోవాలని ఒప్పందం చేసుకున్నప్పుడు, దానికి మూల నమూనా హ్యుందాయ్‌ది, థీటా. ఇంజను అప్పిచ్చిన మిత్సుబిషి చివరికి అప్పు తీసుకున్నవాడి నమూనా మీద తన ఇంజన్లు కట్టుకుంది. నాకు ఈ కంపెనీ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

సూటిమాట:
పొనీ గారూ, కథ బాగా చెప్పారు. మీరు వదిలేసినవి నేను చెబుతాను.

1986లో అమెరికాలో ఎక్సెల్ అనే కారు దించారు. 4,995 డాలర్లు. మొదటి ఏడాదే 1,68,882 అమ్ముడయ్యాయి. చవక చూసి కొన్న జనం రెండేళ్ళకే తలలు పట్టుకున్నారు. పదేళ్ళపాటు అక్కడి టీవీ హాస్యగాళ్ళకు ఈ పేరే పండగ. నవ్వులు మీ నాన్నగారి ఆఫీసులో పుట్టలేదు, సముద్రం దాటి వచ్చాయి.

ఇక మీకు బాగా నచ్చిన ఆ థీటా కుటుంబమే. దాని రెండో తరం ఇంజన్లలో తయారీ సమయంలో మిగిలిన లోహపు రజను బేరింగులను తినేస్తోందని 2015లో సుమారు 4,70,000 సొనాటాలను అమెరికాలో వెనక్కి పిలిచారు. 2017లో ఇంకో పెద్ద విడత. ఇంధన పొదుపు అంకెలు ఎక్కువ చేసి చూపినందుకు 2014లో హ్యుందాయ్, కియాలు 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టాయి. మన దేశంలో వీళ్ళ చిన్న కారు ఇయాన్‌కు 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో సున్నా నక్షత్రాలు. పొగిడేటప్పుడు ఇవి కూడా ఒక పేరాలో పెట్టండి.

పొనీ74:
అన్నీ నిజమే. కాదనను. ఇయాన్ పక్కన 2023లో వెర్నాకు అయిదు నక్షత్రాలు వచ్చిన సంగతి మీరూ ఒక వాక్యంలో పెట్టి ఉండవచ్చు.

సూటిమాట:
పెట్టాను అనుకోండి. రెండింటికీ మధ్య ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో కొన్నవాళ్ళు ఎవరిని అడగాలి?

నీలిమ:
మీ ఇద్దరి వాదం ఇంతలో తేలదు గానీ, నేను యజమాని అనుభవం రాస్తాను.

2008లో ఐ10 కొన్నాం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. మొదటి రెండేళ్ళు నా ఎడమ కాలు క్లచ్ మీంచి దిగేదే కాదు. గేరు మార్చినా మార్చకపోయినా పాదం అక్కడే విశ్రాంతి తీసుకునేది. ముప్ఫై వేలు తిరగకుండానే క్లచ్ ప్లేటు పోయింది. బండి లోపమని పోట్లాడటానికి వెళ్ళాను. మెకానిక్ నన్నే ఒక చుట్టు నడపమని పక్కన కూర్చుని, ఏమీ అనకుండా నా కాలు వైపు చూశాడు. రెండో ప్లేటు లక్ష దాటినా ఉంది.

దానికి ముందు మా మామగారి శాంత్రో ఉండేది. దాని ఆకారం గురించి ఎన్ని మాటలు పడ్డామో! అగ్గిపెట్టె అన్నారు, నిలబడ్డ ట్రంకుపెట్టె అన్నారు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మిగతా చిన్న కార్లలోకి ఆమె దిగాలి, దిగిన తరువాత మళ్ళీ లేవాలి. శాంత్రోలో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు తిన్నగా వెనక్కి కూర్చునేది. చీర కుచ్చిళ్ళు తలుపులో పడేవి కావు. ఎత్తు బండి ఎందుకు చేశారో ప్రకటనల్లో షారుఖ్ ఖాన్ ఏం చెప్పాడో నాకు గుర్తులేదు, మా అత్తగారు మాత్రం ఒక్క రోజులో తేల్చేసింది.

ఉల్సన్ నుంచి:
ఉద్యోగరీత్యా ఏడేళ్ళుగా ఉల్సన్‌లో ఉంటున్నాను. ఇక్కడి సంగతులు కొన్ని.

ఈ ఊళ్ళో ఫ్యాక్టరీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బస్సులో వెళుతూ చూస్తే అర్థం కాదు. ఏడాదికి సుమారు 14 లక్షల కార్లు చేసే సామర్థ్యం. ఫ్యాక్టరీకి సొంత రేవు ఉంది. లైను మీంచి దిగిన కారు కొంచెం దూరం నడిచి నేరుగా ఓడ కడుపులోకి వెళుతుంది. సెలవురోజు ఒడ్డున నిలబడితే తెల్లటి కార్ల వరుసలు ఉప్పుమడుల్లా కనిపిస్తాయి.

ఇక్కడివాళ్ళకు హ్యుందాయ్ అంటే మనలా "విదేశీ బండి" మోజు ఏమీ ఉండదు. ఇంటి కోడలి మీద ఉన్నన్ని ఫిర్యాదులు దాని మీద ఉంటాయి, పొరుగువాడు మాట అంటే మాత్రం ఊరుకోరు. టాక్సీ అంటే చాలాకాలం సొనాటాయే. ఉద్యోగంలో పైకి వచ్చాడని చెప్పడానికి గ్రాండ్యూర్.

నేను వాడేది పాత అవాంతే (బయట దేశాల్లో ఎలాంట్రా అంటారు). శీతకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. దాంతో బండి అడుగుభాగం తుప్పు పడుతుంది. అందుకని చలి రోజుల్లో కింద నుంచి నీళ్ళు కొట్టి కడిగించడం నాకు అలవాటైంది. మన ఎండలో ఇరవై అయిదేళ్ళు ఉన్న శాంత్రో అడుగున ఇనుము ఎంత శుభ్రంగా ఉంటుందో చూడాలని ఉంది, వీలైతే ఫోటో పెట్టండి.

ఇంకొకటి చూసి మొదట నిర్ఘాంతపోయాను. అపార్ట్‌మెంట్లలో చోటు చాలక, నిలిపిన కార్లకు అడ్డంగా ఇంకో వరుస నిలుపుతారు. అలా పెట్టినవాళ్ళు హ్యాండ్ బ్రేకు వేయరు, న్యూట్రల్‌లో వదిలి వెళతారు. మన బండి బయటికి రావాలంటే ఎదుటి బండిని చేతులతో నెట్టుకోవాలి! ఉదయం ఎనిమిదింటికి టై కట్టుకున్న పెద్దమనుషులు ఎవరివో కార్లను తోస్తూ ఉంటారు. అద్దం దగ్గర ఫోను నంబరు పెట్టడం మాత్రం అందరూ పాటిస్తారు.

గ్యారేజి బాబాయి:
న్యూట్రల్‌లో వదలడమా! మన దగ్గర చేస్తే సాయంత్రానికి బండి పక్క వీధిలో ఉంటుంది.

పొనీ74:
చుంగ్ ఆవు కథ సగంలో వదిలాను. మిగతాది చెప్పకుండా నిద్ర పట్టదు.

1998లో, ఎనభై దాటిన వయసులో, ఆయన లారీల్లో ఆవులను ఎక్కించుకుని సైనిక సరిహద్దు దాటి ఉత్తర కొరియాకు వెళ్ళాడు. జూన్‌లో 500, అక్టోబరులో 501. తండ్రి దగ్గర ఎత్తుకొచ్చిన ఒక్క ఆవు డబ్బుకు బదులు మొత్తం 1,001. వెయ్యి వడ్డీ, ఒకటి అసలు అని నా లెక్క.

ఇప్పుడు ఆ సంవత్సరం చూడండి. ఆసియా ఆర్థిక సంక్షోభంలో కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి చేయూత మీద నడుస్తోంది. దివాలా తీసిన కియాను హ్యుందాయ్ దక్కించుకున్నది ఆ ఏడాదే. అమెరికాలో ఇంజనుకూ గేరుబాక్సుకూ పదేళ్ళు లేదా లక్ష మైళ్ళ హామీ ప్రకటించినదీ ఆ ఏడాదే. పేరు చెడిన కంపెనీ ఇచ్చే హామీ అది. వీళ్ళు మునిగిపోతారని చాలామంది అనుకున్నారు. మునిగిపోకుండా ఉండాలంటే బండి పాడవకుండా ఉండటమొక్కటే దారి కాబట్టి, ఆయన కొడుకు చుంగ్ మోంగ్-కూ నాణ్యత మీద పడ్డాడు. 2004లో జె.డి. పవర్ వారి కొత్త కార్ల నాణ్యత సర్వేలో హోండాతో సమానంగా రెండో స్థానానికి వచ్చారు.

శ్రీపెరుంబుదూరు దగ్గర కట్టిన ఫ్యాక్టరీ నుంచి శాంత్రో వచ్చింది కూడా 1998 సెప్టెంబరులోనే. భారతీయ భాగస్వామి లేకుండా, మొత్తం సొంత పెట్టుబడితో. అంటే పాతశాంత్రో గారూ, మీ ఇంట్లో ఉన్నది వాళ్ళు పీకల్లోతు నీళ్ళలో ఉన్నప్పుడు తెచ్చిన మోడలు. నా అనుమానం, అందుకే అంత జాగ్రత్తగా చేశారు.

సూటిమాట:
చివరి వాక్యం తప్ప మిగతాదంతా ఒప్పుకుంటాను. ఆ చివరి వాక్యానికి రుజువు లేదు.

పొనీ74:
అందుకే అనుమానం అన్నాను మహాప్రభో.

వోల్టు:
నాది ఇంకో కొసన ఉన్న బండి. అయోనిక్ 5, హ్యుందాయ్ కరెంటు కారు, 2023లో తీసుకున్నాను. పొనీ గారు సంతోషిస్తారు, దాని పదునైన అంచులకు స్ఫూర్తి ఆ 1974 పొనీయే.

బ్యాటరీ 72.6 కిలోవాట్ గంటలు. కాగితం మీద 631 కిలోమీటర్లు. నేను ఏసీ వేసుకుని, రహదారి మీద వంద దగ్గర నడుపుతాను, 430 వస్తే తృప్తి పడతాను. నాకు దాని గొప్పతనం తెలిసింది తుఫాను రోజుల్లో. రెండు రోజులు కరెంటు లేదు. కారుకు ప్లగ్గు పెట్టుకోవచ్చు, 3.6 కిలోవాట్ల వరకు ఇస్తుంది. ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, పక్కింటి పెద్దాయన ఊపిరి యంత్రం దాని మీదే నడిచాయి. రెండో రోజు సాయంత్రానికి బ్యాటరీలో ఇంకా సగం పైనే ఉంది. ఆ పెద్దాయన అంతకు ముందు నన్ను చూసినప్పుడల్లా "అంత డబ్బు పోసి బొమ్మ కారు కొన్నావా" అనేవారు.

ఇబ్బంది లేదా అంటే, దూరప్రయాణానికి ముందు రాత్రి కూర్చుని దారిలో చార్జింగు ఎక్కడెక్కడ ఉందో రాసుకోవాలి. ఒకసారి నేను లెక్క వేసుకుని వెళ్ళిన చోట యంత్రం పనిచేయలేదు. తరువాతి కేంద్రం దాకా ఏసీ ఆపి, లారీ వెనుక అరవై మీద వెళ్ళాం. పిల్లలు ఇప్పటికీ ఆ ప్రయాణం పేరు ఎత్తితే కిటికీ దించుతారు.

నీలిమ:
పాతశాంత్రో గారూ, అమ్మాలని నిర్ణయిస్తే ఒక జాగ్రత్త. మా ఐ10ను ఒక మధ్యవర్తి ద్వారా అమ్మాం. ఆర్‌సీ పేరు మార్పు "వారంలో అయిపోతుంది మేడం" అన్నాడు. ఏడు నెలల తరువాత నేనెప్పుడూ చూడని ఊళ్ళో, నేనెప్పుడూ దాటని సిగ్నల్ దాటినందుకు నా ఫోనుకు చలానా వచ్చింది. పేరు మారినట్టు కాగితం మీ చేతికి వచ్చేదాకా ఎవరి మాటా నమ్మకండి.

సూటిమాట:
నా సలహా కూడా రాసి ఊరుకుంటాను. మీ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేదు. ఆ కాలం చిన్న కార్లు చాలావరకు అంతే. ఊళ్ళో కూరగాయలకు, గుడికి, నలభై మీద వాడుకోండి. పిల్లలను ఎక్కించుకుని రహదారి మీదకు వెళ్ళకండి. అంత మాత్రానికి ఉంచుకుంటానంటే ఉంచుకోండి. అమ్మితే వచ్చే డబ్బు ఎలాగూ ఒక మంచి ఫోను ధర కూడా ఉండదు.

పాతశాంత్రో:
అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా జవాబిస్తున్నాను.

బండిని తాడు కట్టి గ్యారేజికి తీసుకెళ్ళాం. పాత బెల్టును మెకానిక్ వంచి చూపించాడు. లోపలివైపు పళ్ళ మధ్య ఎండిన చెరువులా పగుళ్ళు. బెల్టు, టెన్షనరు, పెట్రోలు గొట్టాలు, బ్యాటరీ మార్చారు. రెండు వైర్లు ఎలుక కొరికింది, అతికించారు. ఉల్సన్ గారూ, అడుగుభాగం ఫోటో పెట్టాను చూడండి, డ్రైవరు వైపు కొంచెం తుప్పు తప్ప ఇనుము గట్టిగా ఉంది. రిజిస్ట్రేషన్ పొడిగింపుకు కాగితాలు పెట్టాను. ఊళ్ళోనే వాడతాం, రహదారికి మా ఆవిడ కారు. ఆ షరతు మీద ఆవిడ ఒప్పుకుంది.

మొన్న ఆదివారం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని పెట్రోలు బంకుకు వెళ్ళాం. పుస్తకంలో కొత్త గీత నేనే రాశాను. ఇంటికొచ్చాక ఆయన భూతద్దం పెట్టుకుని చూసి, లీటర్ల దగ్గర దశాంశం తరువాత ఒక్క అంకే రాశావేమిటని అడిగారు. ఆయన లెక్కలో రెండు ఉండాలట. రసీదు చొక్కా జేబులో వెతికి తీసి మళ్ళీ రాయించారు.

గ్యారేజి బాబాయి:
వాటర్ పంపు?

పాతశాంత్రో:
మరచిపోయానండి.

గ్యారేజి బాబాయి:
రాయించుకో నాన్నగారి చేత, ఆ పుస్తకంలోనే. నా మాటగా.